దాదీమా పేరున

సాయంత్రం అసర్ నమాజు దాకా ఆగాలి అన్నారు మొహిద్దీన్ చాచా, ఇంకో గంట పడుతుంది, లోపల ఆడవాళ్ళు స్నానం చేయిస్తున్నారు, నువ్విక్కడ కూర్చో అన్నారు, కూర్చున్నాను. మా ఇంటి ముందు వీధికి అడ్డంగా తాటాకు పందిరి ఉంది. పొద్దున నేను విజయవాడలో బస్సెక్కేటప్పటికి ఈ పందిరి ఉండి ఉండదు, తిరువూరులో దిగి నడిచొచ్చేటప్పటికి ఉంది. ఆకులు ఎవరి చెట్లవో, బెంచీలు ఏ బళ్ళోంచి మోసుకొచ్చారో, కూలి ఎవరిచ్చారో నాకు తెలియదు, నన్నెవరూ అడగలేదు. మా నాన్నమ్మ గాజుల మస్తాన్‌బీ పోయిందన్నారు, రాటలు లేచి నిలబడ్డాయి, అంతే. ఇదేం మనిషి, పోయి కూడా చెయ్యి చాచకుండా పందిరి వేయించుకుంది అని నాకు అబ్బురంగా ఉంది. ఏడవాల్సిన వేళ అబ్బురపడుతూ కూర్చోవడం తప్పో ఒప్పో తెలియదు. కండక్టర్ లాజరు హాస్టలు గేటు దగ్గర నిలబడి, మీ దాదీమా తెల్లారగట్ల పోయిందయ్యా, బండెక్కు అన్నప్పటి నుంచీ ఏడుపు ఎక్కడో ఆగి ఉంది. కొండపల్లి దాటాక వస్తుందనుకున్నాను, మైలవరంలో వస్తుందనుకున్నాను, దారి పొడుగునా వరి కంకులు బరువెక్కి ఒక పక్కకి వంగి ఉన్నాయి, వాటిని చూస్తూ ఇంటికి వచ్చేశాను.

"నమాజుకి ముందు నువ్వో మాట అనాలి అబ్బాయ్," అన్నారు చాచా ఇందాక, నా భుజం మీద చెయ్యేసి. ఆయన మా మసీదు పెద్ద. నాన్న లారీ బోల్తాపడి పోయినప్పుడు నా చేత గుప్పెడు మట్టి వేయించింది ఆయనే. "మీ నాన్న ఉంటే వాడనేవాడు. ఇప్పుడు వారసుడివి నువ్వే గదా. మా దాదీమా మీలో ఎవరికన్నా బాకీ ఉంటే ఇప్పుడే చెప్పండి, నేను తీరుస్తాను అను. గట్టిగా అనాలి, వెనక వరసకి వినపడాలి." సరే చాచా అన్నాను. "భయపడకు, ఎవరూ నోరు తెరవరు. ఆవిడకి బాకీ ఏంటి, ఊళ్ళే ఆవిడకి బాకీ," అని నవ్వబోయి, చావింటి ముందున్నామని గుర్తొచ్చి గడ్డం నిమురుకున్నారు. శవాన్ని సాగనంపే ప్రతి జనాజా నమాజు ముందూ ఈ మాట అంటారు, చిన్నప్పటి నుంచి వింటున్నదే. తండ్రి పోతే కొడుకు అంటాడు, అన్న పోతే తమ్ముడు అంటాడు, అందరూ తలలు దించుకుని ఒక్క నిమిషం ఆగుతారు, ఎవరూ ఏమీ చెప్పరు, వరసలు సర్దుకుంటాయి. ఆ ఒక్క నిమిషంలో ఏముంటుందో నేనెన్నడూ ఆలోచించలేదు. ఎదుటి బెంచీ చివర సుందరరాజు గారు కూర్చుని ఉన్నారు కాబట్టి ఇవాళ ఆలోచిస్తున్నాను.

ఆయనది విజయవాడ వన్‌టౌన్‌లో గాజుల హోల్‌సేలు కొట్టు. దాదీమా పెళ్ళికూతురుగా తిరువూరు వచ్చిన కొత్తలో ఆయన తండ్రి కొట్టు మీద ఉండేవాడట, అప్పటి నుంచీ సరుకు అక్కడే. లాజరు ఆ కొట్టుకీ కబురు చెప్పినట్టున్నాడు, నా వెనక బస్సులో దిగారు. ఇస్త్రీ పంచె, మోకాళ్ళ మధ్య గొడుగు, గొడుగు పిడి మీద రెండు చేతులు. లోపలికి పోయి దాదీమాని చూసి వచ్చి అలా కూర్చున్నారు. ఈ భూమ్మీద దాదీమా పేరున బాకీ అంటూ ఉంటే అది ఆయన దగ్గరే ఉంది. ఆ బాకీ చేసింది నేను. ఆమెకి తెలియదు, తెలియకుండానే పోయింది. ఆమె పేరు చెప్పి తెచ్చుకున్న డబ్బు, ఆ డబ్బుతో తిన్న దోసెలు, చూసిన సినిమాలు, ఇప్పుడు నా కాళ్ళకున్న ఈ బెల్‌బాటం ప్యాంటు, అన్నీ ఆమె తల మీద ఉన్నాయి, ఆమె తడికల చాటున ఆఖరి నీళ్ళు పోయించుకుంటోంది, కాసేపట్లో నేను లేచి, ఈమె ఎవరికైనా బాకీ ఉందా అని ఊరందరినీ అడగాలి. ఈ ప్యాంటు వేసుకుని అడగాలి. హడావుడిలో చేతికందింది తొడుక్కొచ్చాను, అది చూసి చాచా ఏమీ అనలేదు, అడుగున వెడల్పుగా వేలాడుతున్న బట్టని నేనే కాళ్ళ మధ్యకి ముడుచుకుంటున్నాను.

లోపల చెంబు మునిగిన చప్పుడు, నీళ్ళు పోసిన చప్పుడు. అమ్మ ఏదో అంటోంది, దౌలత్‌బీ అత్త గొంతు మెల్లగా కలుస్తోంది. కర్పూరం వాసన తడికలు దాటి వస్తోంది. చిన్నప్పుడు మసీదు వరండాలో మాకు చదువు చెప్పే మౌల్వీ సాబు ఒకసారి చెప్పారు, బాకీతో పోయిన మనిషి ప్రాణం ఆ బాకీకే వేలాడుతూ ఉంటుందని. పైకి పోదు, కిందికి రాదు. నాకు అప్పుడు మా వంటింటి దూలానికి వేలాడే ఉట్టి గుర్తొచ్చింది, అన్నం తింటూ దాన్నే చూసేవాణ్ణి, ఎవరూ ముట్టుకోకుండానే అది అటూ ఇటూ ఊగేది. ఇంకో మాట కూడా చెప్పారాయన. ప్రవక్త ముందుకి ఒకతని శవాన్ని జనాజా నమాజుకి తెచ్చారట, ఇతను ఎవరికైనా బాకీ ఉన్నాడా అని అడిగారట, ఉన్నాడన్నారట, అయితే మీరే చదువుకోండి అని ఆయన పక్కకి జరిగారట, అప్పుడు ఒక మనిషి ముందుకొచ్చి ఆ బాకీ నా మీద అన్నాక గాని నమాజు చదివించలేదట. పిల్లలం నోళ్ళు తెరుచుకుని విన్నాం. ఎంత బాకీ అని అడిగాడు నా పక్కవాడు. రెండు దీనారాలు అన్నారు మౌల్వీ సాబు. రెంటికే ఆగారా అనుకున్నాను. ఇంత ఆకాశం, ఇన్ని చుక్కలు, అంత దయ గల మనిషి, అన్నీ రెండు నాణేల దగ్గర ఆగిపోయి ఎవరో ఒకరు నోరు విప్పాలని చూస్తూ నిలబడ్డాయంటే ఒళ్ళు జలదరించింది. ఇప్పుడు మళ్ళీ జలదరిస్తోంది, ఈసారి ఆగి చూస్తున్నది నా కోసం.

నేను కాలేజీలో చేరిన వారం దాదీమా నన్ను సుందరరాజు గారి కొట్టుకి తీసుకెళ్ళింది. లోపల పట్టపగలు దీపాలు వెలిగించారు. మూడు గోడలకీ కింది నుంచి పై దాకా గాజులే, ఎరుపు, పచ్చ, నీలం, మధ్యమధ్య బంగారు రంగు చుక్కలవి, ఎవరో తలుపు తెరిచినప్పుడల్లా ఆ వెలుగంతా ఒక్కసారి కదిలేది. నేను గోడలు చూస్తూ నిలబడిపోయాను. దాదీమా ఆ గోడల వంక చూడనైనా చూడలేదు. బల్ల ముందు కూర్చుని కొంగు ముడి విప్పి పాత సరుకు డబ్బు ముందు పెట్టింది, తర్వాతే కొత్త సరుకు అడిగింది. "వీడు నా మనవడండి. ఇక్కడే చదువుకుంటాడు. నాకు మోకాళ్ళు నొప్పులు, ఇకమీదట డబ్బు వీడి చేత పంపుతాను, సరుకు లాజరు బస్సులో వేయించండి." ఆయన నా వంక చూసి, మస్తాన్‌బీ మనవడివా, కూర్చో అన్నారు. కుర్రాణ్ణి పిలిచి నాకు తాగడానికి గోల్డ్‌స్పాట్ తెప్పించారు. ఇంత పెద్ద కొట్టు, ఇన్ని లక్షల గాజులు, ఇంత మనిషి, మా దాదీమా పేరుకి లేచి కుర్చీ వేశారని నాకు తల తిరిగింది. మా వీధిలో ఆమె గాజుల మలారం భుజాన వేసుకుని ఎండలో పెనుగొలను లాంటి ఊళ్ళకి నడిచిపోయే ముసలమ్మ. ఇక్కడ ఆమె పేరే వేరు. ఆ వేరే పేరుని నేను ఆ రోజే మనసులో పెట్టుకున్నానేమో, అప్పుడు తెలియలేదు.

మొదటిసారి నిజంగా అవసరమే. మెస్సు డబ్బు కట్టలేకపోయాను, పేరు బోర్డు మీద రాశారు, ఇంటికి రాస్తే దాదీమా ఇంకో ఊరు ఎక్కువ నడుస్తుంది. సరుకు డబ్బు ఇవ్వడానికి వెళ్ళినప్పుడు నా ముఖం చూసి ఆయనే అడిగారు, ఏమైందిరా మనవడా అని. చెప్పాను. ఎంత అన్నారు, తీసి ఇచ్చారు. ఎప్పుడిమ్మంటారు అంటే, దానికేంటి తొందర, ఆవిడ పేరున ఉంటుందిలే అన్నారు. బయటికొచ్చి కాళేశ్వరరావు మార్కెట్టు దగ్గర నిలబడ్డాను, చేతిలో కరకరలాడే నోట్లు, చుట్టూ బళ్ళూ జనం, నేను ఏ పనీ చేయలేదు, ఏ వస్తువూ తాకట్టు పెట్టలేదు, ఒక ముసలమ్మ పేరు పలికాను, డబ్బు వచ్చింది. నమ్మలేకపోయాను. మాటకి ఇంత బలముంటుందా అనిపించింది. వడ్డీ ఊసు లేదు, ఆమె దగ్గర ఆ మాట ఎత్తకూడదని ఆయనకి తెలుసు. రెండోసారి వెళ్ళినప్పుడు, దాదీమాకి చెప్పావా అన్నారు. చెప్పానండీ అన్నాను. ఆ ఒక్క మాటతో తలుపు బార్లా తెరుచుకుంది. ఆమె పంపిన సరుకు డబ్బు మాత్రం పైసా తగ్గకుండా ఇచ్చేవాణ్ణి, దాని మీద చెయ్యి వేయలేదు, దాన్ని తలుచుకుని నేను మంచివాణ్ణేనని చాలాకాలం అనుకున్నాను.

ఆ తర్వాత అన్నీ అలవాటయ్యాయి. హోటల్లో తిని లేచి గల్లా ముందు నుంచి వస్తూ చేయి ఊపితే చాలు, నా పేరున పడేది. ఇస్త్రీ వాడూ అంతే, సైకిలు అద్దె కొట్టువాడూ అంతే, ప్యాంటు కుట్టిన టైలరూ అంతే. కాలేజీ కుర్రాడు, చేతికి వాచీ, ఇస్తాడులే అనుకునేవాళ్ళు. ఆ వాచీ కూడా సుందరరాజు గారి డబ్బే. నలుగురూ ఒకేసారి అడిగినప్పుడు మళ్ళీ సుందరరాజు గారి దగ్గర తెచ్చి, వీడి టోపీ వాడికి, వాడి టోపీ వీడికి పెట్టేవాణ్ణి, ఏ టోపీ కూడా నాది కాదు. అన్నిటికన్నా వింత ఏమిటంటే ఊరు చిన్నదైపోవడం. అంత విజయవాడ, మొదట్లో రైల్వేస్టేషన్ నుంచి బ్యారేజీ దాకా ఎటు పోవాలంటే అటు పోయేవాణ్ణి. మెల్లగా హోటలున్న వీధి మూసుకుపోయింది. తర్వాత టైలరు సందు. తర్వాత సైకిలు కొట్టున్న మలుపు. వీధులు ఎక్కడివక్కడే ఉన్నాయి, జనం తిరుగుతూనే ఉన్నారు, నాకు మాత్రం దారి లేదు. హాస్టలు నుంచి కాలేజీకి పోవాలంటే కాలవ గట్టు మీదుగా చుట్టు తిరిగి, చెమటలు కక్కుతూ, మొదటి పీరియడు అయిపోయాక చేరేవాణ్ణి. ఒక ఊరిని అలా తన చుట్టూ తనే మూసేసుకోవచ్చని ఎవరైనా చెబితే నవ్వేవాణ్ణి.

దాదీమా చెప్పింది. నన్ను హాస్టల్లో దించిపోతూ అరుగు మీద కూర్చుని చెప్పింది, నేను బస్సు టైమవుతోందని తొందరపెడుతున్నాను. అరువు తేవద్దని నేను చెప్పను, నేనే అరువు మీద బతికినదాన్ని అంది. "ఇచ్చినోళ్ళ ఇంటి ముందు నుంచే నడువు. పలకరించి నడువు. ఎప్పుడన్నా దారి మార్చుకుందామనిపించిందా, ఆ రోజుతో ఆపెయ్యి. అంతకు మించి నువ్వు మొయ్యలేవు." నువ్వు బస్సెక్కు అన్నాను. ఆమె అలాగే నడిచేది మరి. నేను కాలేజీలో చేరకముందు ఒక సీజన్లో సరుకు డబ్బు ఆలస్యమైతే ఉత్త చేతులతోనే విజయవాడ బస్సెక్కింది, ఇంకా రాలేదండి అని చెప్పడానికి. కబురంపితే సరిపోదా అని అమ్మ గొణిగింది. ముఖం చూపించాలి అంది. పోయే ఖర్చు, వచ్చే ఖర్చు, ఎందుకిదంతా అని నేను ఆ రోజు విసుక్కున్నాను. డబ్బు లేనప్పుడు కూడా వెళ్ళి ముఖం చూపించడమంటే ఏమిటో కాలవ గట్టు మీద నడిచాక అర్థమైంది.

తాత పోయిన దగ్గర్నుంచి ఆమె చేతులకి గాజుల్లేవు. ఆ బోడి చేతులతోనే ఇన్ని ఊళ్ళ ఆడవాళ్ళకి గాజులు తొడిగింది. చెయ్యి పట్టుకుని, వేళ్ళు దగ్గరకి నొక్కి, బొటనవేలు లోపలికి మడిచి, గాజు ఎక్కిస్తూ వాళ్ళతో ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండేది, ఎక్కాక గాని నొప్పి తెలియదు. ఎక్కించేటప్పుడు పగిలిన గాజు ఆమెదే, దానికి డబ్బు తీసుకోదు. డజను పైన ఒకటి ఊరికే వేసేది. సెలవుల్లో ఆమెతో పెనుగొలను వెళ్ళినప్పుడు చూశాను, ఎవరి చేతిలోనూ డబ్బుండేది కాదు, కోతలకి ఇస్తాం అనేవాళ్ళు, ఇవ్వండి అనేది. రాసుకోవేం అంటే, గాజులు వాళ్ళ చేతుల మీదే ఉన్నాయి గదరా అంది. ఇచ్చేవాళ్ళు ఇచ్చేవాళ్ళు, మర్చిపోయేవాళ్ళు మర్చిపోయేవాళ్ళు, ఆమె కూడా మర్చిపోయేది, మళ్ళీ వెళ్ళి మళ్ళీ తొడిగేది. అన్ని ఊళ్ళకి అరువిచ్చి, ఒక్క కొట్టుకి మాత్రం లెక్క తప్పకుండా ఉండి, మధ్యలో నన్ను చదివించింది. ఇదంతా ఎలా నడిచిందో కామర్సు చదువుతున్న నాకు అంతుపట్టదు.

ఎవరో వస్తున్నారు. పెనుగొలను నుంచి ఆడవాళ్ళు, చెప్పుల్లేని కాళ్ళకి పొలం మట్టి, పనిలోంచే వచ్చినట్టున్నారు. ముందున్న హన్నమ్మ గుర్తుంది, చర్చి వెనక ఇల్లు, మాకు మజ్జిగ ఇచ్చింది ఒకసారి. మిగతావాళ్ళు లోపలికి పోయారు, ఆమె మాత్రం పందిరి రాట పట్టుకుని నా ముందు ఆగింది.

"బాబూ, మీ దాదీమాకి నేను ఇయ్యాలి. మా రిబ్కా పెళ్ళికి గాజులు వేసింది. కోతలవంగానే ఇద్దామనుకున్నా. ఈలోపే ఇట్టయింది."

"ఇప్పుడవన్నీ ఎందుకులేమ్మా. తర్వాత చూద్దాం."

"తర్వాతంటే ఎట్టా. ఆమెని మట్టిలో పెట్టకముందే చెప్పాలి గదా. ఎవరికి చెప్పాలో చెప్పు."

ఎవరికి చెప్పాలో నాకు తెలిస్తే నేనే చెప్పుకునేవాణ్ణి. ఆమె, సరేలే నేనే చెప్పుకుంటా అని లోపలికి పోయింది. కాసేపటికి తడికల అవతల నుంచి ఆమె గొంతు పెద్దగా వినిపించింది. మస్తానమ్మా, నేను హన్నమ్మని, నీకు ఇయ్యాల్సింది ఉంది, ఎగ్గొట్టను, నీ కోడలికి ఇస్తా, నువ్వు నెమ్మదిగా పో. చాచా తల దించుకున్నారు. చెప్పమని ఆమెని ఎవరూ అడగలేదు, ఆమె మతంలో ఈ రివాజు ఉందో లేదో కూడా నాకు తెలియదు. చెప్పకపోతే అడిగే మనిషి కూడా ఇక లేదు. అయినా పొలంలోంచి పరుగెత్తుకొచ్చి, వినే చెవి మూతపడకముందే చెప్పేసి పోయింది. నాకు ఒళ్ళంతా చెవులైపోయి ఆ మాటలే ఇంకా వినపడుతున్నాయి. ఇంత తేలికా చెప్పడం అనుకున్నాను.

సుందరరాజు గారు లేచి వచ్చి నా పక్కన కూర్చున్నారు. గొడుగు మళ్ళీ మోకాళ్ళ మధ్య పెట్టుకున్నారు. "మీ మసీదు పెద్దాయన చెప్పారు మనవడా, నమాజుకి ముందు బాకీలు అడుగుతారటగా," అన్నారు గొంతు తగ్గించి. అవునండీ అన్నాను. "నేనేం మాట్లాడను. నలుగురిలో ఆవిడ పేరెత్తడం నాకిష్టం లేదు. ఇన్నేళ్ళలో ఆవిడ నాకు అణా ఎగ్గొట్టలేదు. నీ చదువు కోసమే గదా తెప్పించుకుంది. నువ్వు దిగులు పెట్టుకోకు." ఆవిడ తెప్పించుకుంది అన్నారు, ఆయనకి అదే తెలుసు. నా మోకాలి మీద తట్టి వెళ్ళి మళ్ళీ తన చోట కూర్చున్నారు. నాకు ఒక్కసారిగా ఊపిరి తేలికైంది. అయిపోయింది అనుకున్నాను. ఆయన మాట్లాడరు, చాచాకి తెలియదు, అమ్మకి తెలియదు, అడుగుతాను, ఎవరూ పలకరు, వరసలు సర్దుకుంటాయి. ఎంత గొప్పగా బయటపడ్డాను. ఆ తేలికదనంలో నీళ్ళు తాగాలనిపించింది, ఆకలి కూడా తెలిసింది, పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. ఆ తర్వాత కర్పూరం వాసన మళ్ళీ వచ్చింది. ఆయన నోరు మూసుకుంటే నాకు మంచిదే. ఆమెకి? బాకీ ఎవరూ అడగనంత మాత్రాన తీరినట్టు కాదు గదా. ఆయన పెద్దమనిషి తరహాలో మౌనంగా ఉంటారు, నేను పిరికితనంతో మౌనంగా ఉంటాను, మా ఇద్దరి మౌనం మధ్య ఆమె వేలాడుతూ ఉంటుంది, ఎన్నాళ్ళో, నా దోసెలకీ నా సినిమాలకీ. ఆమె బతికి ఉండగా ఒక్క రోజు ఎవరి వీధీ తప్పుకుని నడవలేదు, నేను ఆమెకి ఉన్న ఒక్క దారీ మూసేశాను. అప్పుడొచ్చింది ఏడుపు. బెంచీ మీద వంగిపోయి ఏడ్చాను. దాదీమా కోసం ఏడుస్తున్నాననుకుని ఎవరో వీపు నిమిరారు, అది నిజమే, కానీ భయంతో కూడా ఏడ్చాను, అది వాళ్ళకి తెలియదు.

తెల్లబట్టలో చుట్టి బయటికి తెచ్చారు. ఇంత చిన్నదా ఈమె అనుకున్నాను. నాన్న పోయాక ఇల్లంతా తనే నిండి ఉండేది, ఎక్కడ చూసినా తనే, ఇప్పుడు చూస్తే పిల్లంత ఉంది. నలుగురం భుజానికెత్తుకున్నాం. వీధిలో కొట్లన్నీ తలుపులు దగ్గరకేశారు, విజయవాడ బస్సు ఒకటి మలుపులో ఇంజను ఆపి నిలబడింది, లోపలివాళ్ళు కూడా లేచి నిలబడ్డారు. మసీదు ఆవరణలో దించాక అసర్ నమాజు అయింది. జనాజా నమాజుకి వరసలు కట్టారు. మా వాళ్ళు కానివాళ్ళు గోడ వార చెప్పులు విప్పి నిలబడ్డారు, లాజరు, మా హెడ్‌మాస్టరు, వాళ్ళ మధ్యలో సుందరరాజు గారు. చాచా నా వంక చూసి తల ఊపారు. నేను వెళ్ళి ఆమె పక్కన నిలబడి అందరి వైపూ తిరిగాను. ఇంతమంది ముఖాలు ఒక్కసారి నా మీదకి తిరగడం ఎన్నడూ చూడలేదు.

"మా దాదీమా మస్తాన్‌బీ మీలో ఎవరికైనా బాకీ ఉంటే ఇప్పుడే చెప్పండి. నేను తీరుస్తాను."

వెనక వరసకి వినపడేటట్టే అన్నాను. అందరూ తలలు దించుకున్నారు. సుందరరాజు గారు గోడ మీద ఎక్కడో చూస్తున్నారు. ఆ ఒక్క నిమిషంలో ఏముంటుందో ఇప్పుడు చూశాను. గాలి లేదు, ఒక్క దగ్గు లేదు, నింగీ నేలా కలిసి ఒక మాట కోసం చెవొగ్గినట్టుంది, నేను పలక్కపోతే కూడా ఆ నిమిషం కోపగించుకోకుండా ఊరికే వెళ్ళిపోతుందని తెలుస్తోంది. అది మరీ భయంగా ఉంది. చాచా వరస వైపు తిరగబోతున్నారు.

"ఉంది," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. "విజయవాడ సుందరరాజు గారి దగ్గర ఆమె పేరున బాకీ ఉంది."

తలలు లేచాయి. ఆయన ఉలిక్కిపడి రెండడుగులు ముందుకొచ్చి చేతులు ఊపారు. "లేదు లేదు. ఉన్నా నేను వదిలేశాను. ఆవిడ బాకీ నేను వదిలేశాను, అందరి ముందూ చెబుతున్నాను."

"ఆమెదైతే మీరు వదిలెయ్యొచ్చండీ. అది ఆమెది కాదు. ఆమెకి తెలియదు. ఆమెకి చెప్పానని మీతో అన్నాను గాని నేను చెప్పలేదు. అంతా నేను తెచ్చుకున్నదే, నేనే ఖర్చు పెట్టుకున్నాను. ఆమె పేరు మీంచి తీసెయ్యండి. నా మీద వెయ్యండి."

చాచా నన్ను చూశారు, ఆ చూపు నేను జన్మలో మరిచిపోలేను, కోపమో మరేమో చెప్పలేను. సుందరరాజు గారి ముఖంలో నాకు అలవాటైన ఆ మెత్తదనం పోయింది, కొట్లో కొత్తగా వచ్చిన బేరగాణ్ణి చూసే చూపు వచ్చింది. నన్ను కింది నుంచి పైకి చూశారు. తర్వాత తెల్లబట్ట వైపు తిరిగి చేతులు జోడించి, "అమ్మా, నీకూ నాకూ ఏమీ లేదు," అన్నారు. మళ్ళీ నా వైపు తిరిగారు.

"నీ పేరేంటి బాబూ?" అన్నారు.

"హుమాయున్ అండి," అన్నాను.